‘రా’ అన్న చోట వణుకు

ఇమ్మానుయేలు మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. ముందు భుజం మీది తువ్వాలు తీసి, కీబోర్డు మెట్లన్నీ ఆ చివర నుంచి ఈ చివరకి తీరుబడిగా తుడుస్తారు. ఆ తుడవడం అయ్యేలోపు అడిగినవాళ్లలో కొందరికి విసుగొస్తుంది, కొందరికి తమ ప్రశ్న మీద తమకే అనుమానమొస్తుంది. అప్పటికీ కదలకుండా కూర్చుంటే మాస్టారు “చూద్దాం” అంటారు. కాకినాడలో టైర్ల కొట్టు మీదున్న ఆ మేడగదిలో పాట నేర్చుకున్నవాళ్లందరికీ ఈ “చూద్దాం” సంగతి తెలుసు. ఎక్కడికో తీసుకెళ్లి ఏదో చూపిస్తారన్నమాట. చూసి వచ్చాక అదే ప్రశ్న మళ్లీ అడిగినవాళ్లు లేరు.

ప్రవల్లికకీ ఆ సంగతి తెలుసు. అయినా అడిగింది. అడక్క ఏం చేస్తుంది పాపం, ఆ రోజుల్లో ఆమె కాళ్లు భూమ్మీద లేవు మరి.

మాస్టారు కుర్రతనంలో ఉండగా, క్యాసెట్ల కాలంలో, “రేవులోనే ఉన్నాను రా” అని ఒక ప్రేమపాట వచ్చింది. సినిమా పాట కాదు, ఎవరో పాటల పిచ్చివాళ్లు సొంతంగా చేయించుకున్న క్యాసెట్టు. హైమావతి అనే అమ్మాయి పాడింది, మాస్టారు కీబోర్డు వాయించారు. ఒక వేసవంతా ఆటోల్లో, కిళ్లీకొట్లలో అదే మోగింది. ఆ తరవాత జనం మరిచిపోయారు. హైమావతికి మళ్లీ అలాంటి పాట దొరకలేదు. ఆవిడ పేరు చెప్పి ఇది ఆవిడదీ అనడానికి లోకంలో ఉన్నది ఆ పాట ఒక్కటే.

ఇన్నేళ్లకి ప్రవల్లిక దాన్ని పట్టుకుని, పక్కన గిటారు పెట్టుకుని, నెమ్మదిగా పాడి ఫోన్లో పెట్టింది. అంతే, ఊరూ వాడా ఒకటైపోయింది. అందులోనూ “రా” అన్న చోట. అక్కడ ఆమె గొంతు సన్నగా వణికి, కిందకి జారి, కొస ఊపిరితో మళ్లీ పైకి లేస్తుంది. అక్కడికి వచ్చేసరికి కన్నీళ్లు ఆగడం లేదని ఎవరెవరో రాశారు. ఆ ముక్క ఒక్కటీ కోసి తమ పెళ్లి వీడియోలకి అతికించుకున్నారు. పాత పాటకి ప్రాణం పోసిందన్నారు. పాట కింద ప్రవల్లిక తన పేరు రాసుకుని, పక్కన “పాత పాట” అని పెట్టింది. ఆ పాతది ఎవరిదో రాయాలని ఆమెకి తోచలేదు. చెడ్డబుద్ధేం కాదు, తోచలేదు, అంతే.

మాస్టారు అది విన్న రోజున ఒకే ఒక్క మాట అడిగారు.

“అక్కడ గొంతు అలా ఊగించావేమ్మా?”

“అది ఆవిడదే మాస్టారూ! మీరిచ్చిన క్యాసెట్టులో ఎలా ఉందో అచ్చం అలాగే పట్టాను. మిగతా పాటంతా నా ఇష్టమొచ్చినట్టు మార్చుకున్నాను గానీ, అక్కడ మాత్రం వెంట్రుకవాసి కదపలేదు. ఎంత చచ్చానో తెలుసా అది పట్టడానికి!”

మాస్టారు ఆమె మొహం వంక చూస్తూ ఏదో అనబోయారు. అప్పుడే ఆమె ఫోను మోగింది, ఎవరో అభిమానట. ఆయన నోరు మూసుకున్నారు.

ఆ తరవాత ఒక టీవీవాళ్లు ఆమెని పిలిచారు. పాత పాటకీ మీ పాటకీ తేడా ఏంటి, ఏది గొప్ప, అని అడుగుతారని ముందే చెప్పారు. ఆ ప్రశ్నకి గురువుగారి మాట ఒకటి చేతిలో ఉంటే తన నోటితో చెప్పుకునే బాధ తప్పుతుందని ప్రవల్లిక ఆశ. అందుకని పళ్లూ స్వీటు ప్యాకెట్టూ పట్టుకుని వచ్చి మరీ కూర్చుంది.

“మాస్టారూ, దాచకుండా చెప్పండి. హైమావతి గారు పాడింది బాగుందా, నేను పాడింది బాగుందా?”

తువ్వాలు కిందకి దిగింది. మెట్లన్నీ తుడవడం అయింది. ప్రవల్లిక కదల్లేదు.

“ఆదివారం బుల్లబ్బాయి ఆర్కెస్ట్రాకి నేను వాయిస్తున్నాను. పెళ్లి రిసెప్షను. నువ్వూ వచ్చి వెనకాల కూర్చో. హైమావతి పాడుతుంది” అన్నారు మాస్టారు. “చూద్దాం.”

హైమావతి ఇంకా పాడుతోందని ప్రవల్లికకి ఆ క్షణం దాకా తెలీదు. బతికే ఉన్నారా అని నోటిదాకా వచ్చింది గానీ, మింగేసింది.

ఆదివారం ఫంక్షన్ హాల్లో స్టేజీ వెనక తెర పక్కన ఆమెకి కుర్చీ వేశారు. తెరకి అవతల ఆర్కెస్ట్రా యజమాని బుల్లబ్బాయి ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. తెర చాటునుంచి చూస్తే, నెరిసిన జుట్టుకి ముడి వేసుకుని, గంధం రంగు పట్టుచీర కట్టుకున్న మనిషి. హైమావతి.

“అక్కా, నిష్ఠూరమైనా ముందే చెప్పేస్తన్నాను. రెండు రిసెప్షన్ల నుంచీ ఆ పాట దగ్గర పార్టీవాళ్లు మొహం మాడ్చుకుంటన్నారు. ఫోన్లో ఉన్నట్టు లేదంటారు. ఇయ్యాల కూడా అలాగే అయితే, పై సీజనుకి నేనింకో అమ్మాయిని చూసుకోవాలి. మరోలా అనుకోకు.”

“నా పాటేరా అది బుల్లబ్బాయీ.”

“నీదే అక్కా, కాదన్నానా? పోయినసారి మైకులో చెప్పాను కూడా, ఈ పాట మొదట పాడింది ఈవిడేనండీ అని. నవ్వారు.”

బుల్లబ్బాయి మాత్రం ఏం చేస్తాడు, పదిమంది వాయిద్యగాళ్ల పొట్టలు వాడి నెత్తి మీద ఉన్నాయి. ప్రోగ్రాం అవగానే ఆవిడ కాళ్లకి ప్రవల్లిక దణ్ణం పెట్టాలనుకుంది.

కాసేపటికి పెళ్లికూతురి నుంచి చీటీ వచ్చింది. అదే పాట. మాస్టారు పల్లవి ఎత్తుగడ వాయించారు, హైమావతి మైకు అందుకుంది. గొంతు కాస్త బరువెక్కినా శ్రుతిలో నిలబడే ఉంది. “రేవులోనే ఉన్నాను” అని సాఫీగా వచ్చి, “రా” అన్న చోట ఏ మెలికా లేకుండా, గోడవతలి మనిషిని కేకేసినట్టు చటుక్కున అని ఊరుకుంది.

అయ్యో, అనుకుంది ప్రవల్లిక. వయసైపోయింది, ఆ వణుకు ఇప్పుడు పలకడం లేదు. ఎంత గొప్పగా పాడిన మనిషి, ఎలా అయిపోయింది! ఆమెకి నిజంగానే కళ్లు చెమర్చాయి.

“ఆంటీ, ఆంటీ, ఒక్క నిమిషం!” పెళ్లికూతురు సోఫాలోంచి లేచి వచ్చింది. “అక్కడ అలా కాదండీ. ఇదిగో, ఇలా.” స్నేహితురాలి చేతిలో ఫోను లాక్కుని మైకు దగ్గర పెట్టింది. హాలంతా ప్రవల్లిక గొంతు మోగింది. కుర్చీల్లో కుర్రకారంతా ఆ వణుకుని కోరస్‌గా అందుకుని, వణికించి, పగలబడి నవ్వారు.

హైమావతి తల వంచి, చెవి ఒగ్గి, కొత్తగా పాఠానికి వచ్చిన పిల్లలా శ్రద్ధగా విన్నది. “అలాగేనమ్మా” అంది. మళ్లీ పాడింది. “రా” దగ్గర గొంతు వణికించబోతే అది జీరపోయి చీలిపోయింది. ముందు వరసలో ఎవడో ఈల వేశాడు. బుల్లబ్బాయి నేల చూపులు చూశాడు.

ఇంతలో తెర పక్కన ప్రవల్లికని ఎవరో పోల్చుకున్నారు. “ఒరే, పాడినావిడ ఇక్కడే ఉంది!” ఇక చెప్పేదేముంది, చెయ్యి పట్టుకుని స్టేజీ మీదకి లాక్కొచ్చారు. పెళ్లికూతురు “థాంక్స్ ఆంటీ” అని హైమావతి చేతిలో మైకు తీసి ప్రవల్లిక చేతిలో పెట్టింది.

ఈ పాట ఈవిడదండీ. ఒక్క మాట. అది ప్రవల్లిక నాలిక చివరన ఉంది కూడా. కీబోర్డు మీద చేతులాన్చి మాస్టారు ఆమె వంకే చూస్తున్నారు. కానీ ఎదురుగా హాలంతా ఫోన్లు పైకి లేచాయి. చెప్పడం కన్నా పాడటమే గౌరవం, ఆవిడకి ఇప్పుడు అందనిది ఆవిడ ముందే అందుకుని చూపిస్తాను, అనుకుంది. మనసుకి అలా సర్దిచెప్పుకుంది. పాడింది. “రా” దగ్గర వణికించింది. హాలు దద్దరిల్లింది. హైమావతి రెండడుగులు వెనక్కి వేసి, కోరస్ మైకు దగ్గర నిలబడి, హమ్మింగ్ అందించింది. ఒక్క అపస్వరం రానివ్వలేదు.

ప్రోగ్రాం అయ్యాక వంటల షెడ్డు పక్కన, వ్యాను దగ్గర, హైమావతి పళ్లెంలో అన్నం కలుపుకుంటూ కూర్చుంది. బుల్లబ్బాయి వచ్చి “అక్కా, మరి...” అన్నాడు. “తెలిసిందిలేరా, ఎళ్లు” అందావిడ. వాడు చెవి గోక్కుంటూ వెళ్లిపోయాడు. పక్కనే మాస్టారు కీబోర్డుని దుప్పట్లో చుడుతున్నారు.

ప్రవల్లిక వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడింది. “అమ్మా, నేను నేర్చుకున్నదంతా మీ దగ్గరేనండీ. అప్పట్లో మీరు పాడిన ఆ వణుకు నాకు ప్రాణం. ఇప్పుడు మీ గొంతుకి అందకపోతేనేం...”

“ఏ వణుకు?”

“అదేనండీ, రా అన్న చోట.”

“నేనెప్పుడు వణికించానే తల్లీ?” హైమావతి కలుపుతున్న చెయ్యి ఆపింది. “అది ఏడుపు పాట కాదు. వాడొస్తాడు. వస్తాడని ఆ పిల్లకి తెలుసు. వచ్చేవాణ్ణి పిలవడానికి వణుకెందుకు? ఇయ్యాల నేను పాడానే, అప్పుడూ అంతే పాడాను.”

ప్రవల్లికకి అర్థం కాలేదు. మాస్టారి వైపు తిరిగింది.

“ఆ క్యాసెట్టు చాలా ఏళ్లు వ్యానులో, ముందు అద్దం కింద, ఎండలో పడుంది” అన్నారాయన, తాడు ముడి వేస్తూ. “రా అన్న చోట టేపు సాగింది. ఊగేది గొంతు కాదు, టేపు.”

ప్రవల్లిక చచ్చీ చెడీ పట్టింది ఎండకి సాగిన ప్లాస్టిక్కుని. జనం కళ్లు తుడుచుకున్నదీ దానికే. ఇందాక స్టేజీ మీద ఈవిడ నోట్లోంచి పాట లాక్కుని మరీ పాడిందీ దాన్నే.

“మరి నాకు చెప్పలేదేం మాస్టారూ?”

“అప్పటికే ఊరంతా ఏడ్చేసిందిగా అమ్మా.”

హైమావతికి నవ్వొచ్చింది. మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తరవాత పొట్ట పట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారేదాకా నవ్వింది. నవ్వి నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుని, చెయ్యి కడుక్కుని వచ్చి ప్రవల్లిక ఎదురుగా బాసింపట్టు వేసుకు కూర్చుంది.

“సరేగానీ అమ్మాయ్, అది నాకు నేర్పుతావా? వచ్చే పెళ్లిళ్లలోగా పట్టుబడితే బుల్లబ్బాయిని బతిమాలుకుంటాను.”

వేళాకోళం కాదు. గొంతు సవరించుకుంటోంది కూడా.

“వద్దమ్మా! అది పాటలో లేనే లేదు, తప్పది. నేను టీవీలో చెప్పేస్తాను. అందరికీ చెబుతాను, మీలాగే పాడతాను...”

“చెబుదువుగానిలే. బుల్లబ్బాయి చెబితే ఏం చేశారు, నవ్వలా? నువ్వు చెబితే చప్పట్లు కొడతారు, అంతే తేడా. వాళ్లకి కావలసింది మాత్రం అదే.” హైమావతి కళ్లు మూసుకుని, మెల్లగా “రా” అంది. వణికించింది. కుదరలేదు. “ఇలాగేనా? కిందకి జారాక మళ్లీ పైకెలా లేపుతున్నావు?”

ప్రవల్లిక దిక్కుతోచక మాస్టారి వంక చూసింది. “నేనెలా నేర్పను మాస్టారూ, ఈవిడకి? ఈవిడ పాటని?”

మాస్టారు ఈసారి తువ్వాలు తియ్యలేదు. జవాబు వెంటనే వచ్చింది.

“నేర్పమ్మా. నీ పాటేగా.”