సైకిలెక్కని పెళ్ళికొడుకు

దాలినాయుడి ఇంట్లో ముగ్గురు. దాలినాయుడు, పెళ్ళాం పైడితల్లి, తమ్ముడు గవరయ్య. "మన తెలివికి దిష్టి తగులుతుందేమో" అని పైడితల్లి వారం వారం ముగ్గురికీ ఉప్పు దిగదుడిచేది.

ముసురు పట్టిన రోజుల్లో గవరయ్య పొరుగూరికి పిల్లని చూడ్డానికి సైకిలెక్కాడు. ఎముకలు కొరికే చలి.

"చలి చెవుల్లోంచే దూరుతుంది. చెవులు మూసుకుని వెళ్ళు గవరయ్యా!" అంది వదిన.

అంతే! హ్యాండిల్ వదిలేసి రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు. మలుపొచ్చింది. సైకిలు తిరగలేదు. ఇంకేముంది, సైకిలూ వాడూ వరిమడిలో!

తడి బట్టలతో వణుకుతూ ఇంటికొచ్చేసరికి ముక్కు ధారగా కారుతోంది.

"అన్నయ్యా, ముక్కు కారుతోందే!"

"కారుతోందంటే పంచరేరా" అని దాలినాయుడు గరుకు కాగితంతో ముక్కు బరబరా గీకి, సొల్యూషన్ పూసి, రబ్బరు ముక్క అంటించాడు. గవరయ్య ఊపిరాడక కళ్ళు తేలేశాడు.

ఎదురింటి నూకాలత్త పరిగెత్తుకొచ్చి ఆ ముక్క పీకేసింది. "ఆవిరి పట్టండర్రా, అదే తగ్గుతుంది" అని చెప్పి వెళ్ళిపోయింది.

పైడితల్లి నీళ్ళు మరిగించింది. దాలినాయుడు దిండు గలీబు మూతి తెరిచి ఆవిరి పట్టాడు. పట్టి, గట్టిగా ముడేసి, తమ్ముడి పక్కలో పెట్టాడు. కాసేపాగి విప్పితే తడి తప్ప ఏమీ లేదు.

"మొత్తం తాగేశాడే! ఇక తగ్గిపోతుంది" అన్నాడు.

తగ్గడం మాట దేవుడెరుగు, గవరయ్య ఒళ్ళు పెనంలా కాలిపోయింది. ఏవేవో కలవరించాడు. పైడితల్లి ఏడుపు లంకించుకుంది. దాలినాయుడు పరుగున పోయి డాక్టరుని తీసుకొచ్చాడు.

"వానలో తడిసి, ఆ బట్టలతోనే ఉండిపోయాడా? ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరితిత్తులకి నిమ్ము చేరేది" అని ఆయన కేకలేసి, సూది వేసి, మాత్రలిచ్చాడు. "చలిగాలి తగలనివ్వకండి. ముసురు తగ్గేదాకా సైకిలెక్కనివ్వకండి."

డాక్టరు గడప దాటాడో లేదో, దాలినాయుడు సైకిలు టైర్లలో గాలి మొత్తం తీసేశాడు.

"ఎప్పుడూ బయటే ఉంటుంది కదా, లోపలున్నదంతా చలిగాలే!"

మందు మంచిది కాబట్టి గవరయ్య లేచి తిరిగాడు. ముసురు మాత్రం వదల్లేదు. ఈలోగా పిల్ల తరఫువాళ్ళ దగ్గర్నుంచి కబురు. "ఇవాళైనా పెళ్ళికొడుకు సైకిలేసుకుని వస్తాడా, వేరే సంబంధం చూసుకోమంటారా?"

వాళ్ళేమో సైకిలేసుకుని రమ్మన్నారు. డాక్టరేమో సైకిలెక్కొద్దన్నాడు. ముగ్గురూ తలలు పట్టుకున్నారు. చివరికి గవరయ్య గొంగడి కప్పుకుని, సైకిలు నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు.

పిల్ల తండ్రి పోలయ్య అరుగు మీంచి చూసి నోరు తెరిచాడు.

"అదేమిటి నాయనా?"

"జ్వరమొచ్చిందని డాక్టరు నన్ను సైకిలెక్కొద్దన్నాడండి. అందుకని సైకిల్నే నా మీద ఎక్కించుకున్నాను."

"డాక్టరు మాట జవదాటలేదు. బుద్ధిమంతుడు!" అని పోలయ్య మురిసిపోయాడు.

తలుపు చాటు నుంచి పెళ్ళికూతురు సీతాలు చూసింది. గవరయ్య గొంగడి నుంచి నీళ్ళు కారుతున్నాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆమె మనసు కరిగిపోయింది.

"పాపం, మళ్ళీ జ్వరమొస్తుంది నాన్నా! ముందు ఆయన్ని ఆరబెట్టు!"

అంతే! పోలయ్య గవరయ్యని రెండు చంకల్లో చేతులేసి ఎత్తి, వసారాలో చీరల పక్కన దండెం మీద వేశాడు. గవరయ్య తలకిందులుగా వేలాడుతూనే సీతాల్ని చూసి, పిల్ల నచ్చిందన్నాడు.