వారాల అన్నానికి బాకీ ఎవరు?

అనగనగా అంటే ఒక రాజ్యం ఉండాలి కదా, ఉంది. దాని పేరు పాలవెల్లి. అక్కడ రాజుగారు కట్టించిన విద్యాపీఠంలో చదువు ఉచితం, పడుకోవడానికి చాప ఉచితం. అన్నం మాత్రం ఎవరిది వారే చూసుకోవాలి. కడుపు లేని పిల్లలు చదువుకోవడానికి వస్తారని రాజుగారు అనుకున్నారో ఏమో.

బీదపిల్లలు ఊళ్లో వారాలు చేసుకునేవారు. అంటే సోమవారం ఒక ఇంట, మంగళవారం మరో ఇంట భోజనం. చదువు ముగిసిననాడు అన్నం పెట్టినవారు నిండుసభలో నిలబడి "ఈ బిడ్డ మాకు ఋణపడి లేదు" అనాలి. ఒక్కరు అనకపోయినా పట్టా రాదు. ఆ ఇంట మరో ఏడాది ఉండి ఋణం తీర్చుకోవాలి. అదీ ఆచారం.

పడవ నడిపేవాడి కూతురు పేరిందేవి న్యాయశాస్త్రం చదవడానికి వచ్చింది. మూడిళ్లు దొరికాయి, ఇంటికి రెండేసి రోజులు. ఆదివారం మంచినీళ్లు. వర్తకుడు పుల్లన ఇంట వడ్లు చెరిగింది. కోశాధికారి భార్య అనంతమ్మ ఇంట పిల్లల్ని ఆడించింది. బాటసారులకు అన్నం అమ్ముకునే పూటకూళ్ల నాగమ్మ ఇంట పప్పు రుబ్బింది. పని చెయ్యమని ఎవరూ అనలేదు. "ఊరికే కూర్చున్నావు కదమ్మా" అని చేట చేతికిచ్చారు, అంతే. ఊరికే తింటున్నానన్న సిగ్గుతో ఆ పిల్ల నడుం వాల్చింది లేదు.

పట్టాలిచ్చే రోజు వచ్చింది. అంతటి పనిమనిషి ఉచితంగా దొరికితే వదులుకునేదెవరు? పుల్లన లేచి ఋణం తీరలేదన్నాడు. అనంతమ్మ ఇంకో ఏడాదికి తీరుతుందంది. పైగా మా చంటిది దీన్ని వదిలి ఉండదంది. నాగమ్మ మాత్రం నేల చూస్తూ కూర్చుంది.

పేరిందేవి లేచి నిలబడింది. ఇంకో ఏడాది చేట పట్టుకుంటే చదివిందంతా ఊకలో కలిసిపోతుంది. మూడు మాటలు అడగడానికి, సభకు పెద్ద అయిన విద్యాపీఠం ఆచార్యులవారి సెలవు కోరింది.

"పుల్లన మామా, పోయినవారమంతా నేను జ్వరంతో రాలేదు. వడ్లు ఎవరు చెరిగారు?"

"కూలిమనిషి."

"ఆమెకేమిచ్చారు?"

"అందరూ ఇచ్చేదే. అన్నం పెట్టి, మానెడు గింజలు కొలిచాను."

ఇక అనంతమ్మనూ అదే అడిగింది. మాట ఎటు పోతోందో ఆవిడకి తెలిసిపోయింది. ఎవరో ఆడమనిషి వచ్చి పిల్లల్ని చూసుకుందనీ, తిండి పెట్టి ఏదో చేతిలో పెట్టామనీ నసిగింది.

మూడో మాట అడక్కముందే నాగమ్మ లేచింది. "నన్నడక్కు తల్లీ. నీ బదులు వచ్చిన మనిషికి అన్నమూ పెట్టాను, కూలీ ఇచ్చాను. నీకు అన్నమే పెట్టి కూలి మింగేశాను."

పుల్లనకు ఒళ్లు మండింది. కూలిమనిషికీ చదువుకునే పిల్లకీ పోలికేమిటని, విద్యార్థికి పెట్టింది దానమని అరిచాడు.

పేరిందేవి తాపీగా అంది. "దానమైతే ఋణమెక్కడిది మామా? కాదు, బేరమంటారా, నా కూలేది? రెంటిలో ఒకటి చెప్పండి."

పుల్లన కండువా దులుపుకుని కూర్చున్నాడు.

ఆచార్యులవారు పట్టా ఆమె చేతిలో పెట్టి, చీకటి పడేలోగా మూడిళ్లవారూ కూలి కొలవాలని తీర్పు చెప్పారు. అందరికంటే ముందు నాగమ్మ తెచ్చింది. పుల్లన అందరికంటే వెనక, తాలుగింజలు కలిపి తెచ్చాడు. పేరిందేవి ఆ బస్తాకి అడ్డంగా చేట పడేసి, చెరిగి కొలవమంది. చెరిగాడు.

చాకిరీ చేయించుకుని పెట్టిన మెతుకు కూలే గాని దానం కాదు. కూలి తిన్నవాళ్లు ఎవరికీ తల వంచనక్కర్లేదు.