పూలవాన కోసం తక్కెడెక్కిన నక్క

కొండమీద కోట ఏనాడో కూలిపోయింది. రెండు రాతి స్తంభాల మధ్య పెద్ద ఇనుప తక్కెడ మాత్రం ఇంకా వేలాడుతోంది. శరణన్న పావురాన్ని కాపాడటానికి డేగకు తన తొడ మాంసం కోసి తూచి ఇచ్చిన రాజుగారి తక్కెడ అదేనని ఆ అడవిలో నమ్మకం. గాలి లేకపోయినా అది ఊగుతుంది. మిట్టమధ్యాహ్నం వేళ ఆ పక్కకు ఏ జంతువూ పోదు.

రాజుగారి కథ అక్కడ అందరికీ కంఠతా వచ్చు. ఎంత మాంసం వేసినా పావురమే బరువు తూగడం, ఆఖరికి రాజే తక్కెడెక్కడం, పావురమూ డేగా దేవతలై ప్రత్యక్షం కావడం, పూలవాన కురవడం, కోసిన ఒళ్లు మళ్లీ అతుక్కోవడం. కోత దగ్గర లేళ్లు కళ్లు తుడుచుకునేవి. లౌక్యం అనే నక్క మాత్రం పూలవాన దగ్గరే చెవులు నిక్కబొడుచుకునేది.

సింహం చచ్చిపోయాక అడవికి రాజు లేకుండా పోయాడు. గద్దె ఎక్కినవాడికి రోజుకో ఇంటి నుంచి వంతు తిండి వస్తుంది. ఆ మాట తలుచుకుంటేనే లౌక్యానికి నోరూరింది.

"నేను ఏలుతా. శరణన్నవాళ్ల కోసం ప్రాణమైనా ఇస్తా" అంది, పొద్దున తక్కెడ దగ్గర కూడిన సభలో.

పెద్ద అడవిదున్న గంభీరయ్య ముక్కుపుటాలు ఎగరేశాడు. "నక్కెక్కడ, నాకలోకమెక్కడ! నోటితో ఇవ్వడానికేం, అందరూ ఇస్తారు. తక్కెడ ముట్టుకుని చెప్పు. ఇక్కడ అన్న మాట ఇక్కడే ఉండిపోతుందిరా అబ్బాయ్."

"చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా!" అని లోలోపల నవ్వుకుని, లౌక్యం ఇనుప పళ్లెం మీద కాలు పెట్టి ప్రమాణం చేసింది. కాలు తీసేశాక కూడా ఆ పళ్లెం, ఎవరో లోపల కూర్చున్నట్టు, మెల్లగా కిందికి దిగింది. లౌక్యానికి వెన్ను జలదరించింది.

ఎందుకు జలదరించదు! ఆ ఉదయమే కొండ కింద ఒంటికన్ను కౌజుపిట్ట "శరణన్నా, గూట్లో పిల్లలున్నాయి, వదిలెయ్" అని కాళ్లావేళ్లా పడింది. లౌక్యం ఈకలతో సహా నమిలి మింగి, మూతి తుడుచుకుని మరీ సభకొచ్చింది.

ఎవరూ గమనించకుండానే ఎండ నడినెత్తికొచ్చింది. పక్షుల అరుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. గడ్డిలోంచి ఒక కౌజుపిట్ట గునగునా నడుస్తూ వచ్చి, లౌక్యం ముందుకాళ్ల మధ్య నక్కింది.

"శరణు, మహారాజా!"

దానికి ఒక్కటే కన్ను. ఒళ్లు బావి అడుగు రాయిలా చల్లగా ఉంది. లౌక్యం కడుపులో ఏదో రెక్క టపటపలాడినట్టయింది. పరుగు తీద్దామనుకుంది గానీ కాళ్లు కదల్లేదు. ఇంతలో ఎదురుగా డేగ వాలింది.

"నా తిండి నాకియ్యి. లేదా దాని ఎత్తు మాంసం తూచియ్యి."

అప్పుడు వెలిగింది లౌక్యానికి. తిన్న పిట్ట తిరిగి రాదు. వచ్చిందంటే అది పిట్టే కాదు. దేవత! పరీక్ష పెట్టడానికొచ్చారు! భయమంతా ఎగిరిపోయి ఆనందం ముంచుకొచ్చింది. నక్క తోక తొక్కినవాడికే అంత అదృష్టమైతే, ఆ తోక సొంతంగా ఉన్న తనకెంత ఉండాలి!

"తూచుతా!" అంది గొంతెత్తి. పిట్ట ఒక పళ్లెంలోకి ఎక్కింది. లౌక్యం పళ్లు బిగించి తన తొడ కొరికి రెండో పళ్లెంలో వేసింది. పిట్ట పళ్లెం లేవలేదు. రెండో తొడ కొరికి వేసింది. ఊహూఁ.

గంభీరయ్య దగ్గరికొచ్చాడు. "చాలురా నాయనా. మాట తప్పానని ఒప్పుకుని గద్దె దిగిపో. నిన్నెవరూ ఏమీ అనరు."

"నీకేం తెలుసు ముసలోడా, పక్కకి జరుగు" అని కసిరి, నెత్తురోడుతూ తనే పళ్లెంలోకి ఎక్కింది లౌక్యం. తక్కెడ సరిసమానంగా నిలిచింది.

లౌక్యం ఆకాశం వైపు మూతి ఎత్తి చూసింది. పువ్వు కాదు కదా, ఆకు కూడా రాలలేదు. ఈగలు వచ్చి గాయాల మీద ముసురుకున్నాయి.

"స్వామీ, చాల్లే పరీక్ష" అంది డేగకు కన్ను గీటి. "మిమ్మల్ని ఎప్పుడో గుర్తుపట్టాను."

"ఏ స్వామి? నేను డేగనయ్యా" అంది డేగ. "నిన్నటి నుంచి తిండి లేదు. కొండమీద తూకానికి మాంసం దొరుకుతుంది, తరుముతూ రా అని ఈవిడే నన్ను పిలిచింది."

"మరి... ఈవిడెవరు?"

"నాకేం తెలుసు? నీకు తెలిసిన మనిషే అనుకున్నా."

ఎదుటి పళ్లెంలోంచి కౌజుపిట్ట తన ఒంటికన్ను లౌక్యం మీద నిలిపింది.

"నా ఒక్కదాని బరువే తూగిందన్నా" అంది మెత్తగా. "తల్లి లేని నా పిల్లల బరువు ఇంకా పెట్టనే లేదు."

ఆ మాటతో పిట్ట పళ్లెం నేలకు దిగిపోయింది. లౌక్యం పళ్లెం స్తంభాల ఎత్తుకు లేచింది. దూకుదామంటే తొడలు లేవు. జంతువులన్నీ వెనక్కి తిరిగి చూడకుండా కొండ దిగిపోయాయి. డేగ మాత్రం రెక్కలు సర్దుకుని, లౌక్యం ఉన్న పళ్లెం వైపు పైకి ఎగిరింది.

ఫలం కోసం చేసే త్యాగం ఒట్టి బేరం; బేరానికి దిగినవాడు తూకానికి ఒప్పుకోవాల్సిందే.