సత్రం చల్లబడిన వేసవి

కథ చిన్నదే, తొందరగా ముగిస్తాను. మా ఊరి ఆశ్రమంలో సదానందులవారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకే అక్కడ శిష్యులు తక్కువ, పెరడు మాత్రం మహా శుభ్రం. వంటచేసే వీరేశం ఒకసారి మోక్షం గురించి అడిగి బావిలో పూడిక తీశాడు. ఆ తర్వాత ఉప్పు సరిపోయిందా అని అడగడం కూడా మానేశాడు. ఆ సంగతి వీరేశం పులుసు తిన్నవాళ్లకు తెలుసు. సరే, ఈ కథలో వీరేశం లేడు.

వామనమూర్తి ఉన్నాడు. ఏళ్ల తరబడి శిష్యరికం చేసి అలసిపోయిన మనిషి. ఒక ఎండాకాలం ఉదయం ఆయన అడిగాడు: "స్వామీ, లోపలి మాలిన్యమంతా తీసేసుకుంటే చల్లదనం వస్తుందా? తీసి తీసి విసుగొచ్చింది."

"సత్రం బాగుచేస్తున్నారట. తాయారమ్మకు సాయం వెళ్లు," అన్నారు స్వామి.

గోదావరి స్నానానికి వచ్చే బీద యాత్రికుల కోసం ఎప్పుడో కట్టిన సత్రం అది. దాన్ని చూసుకునేది తాయారమ్మ. కిందటి వేసవిలో ఒక ముసలామె లోపలి ఉక్కకు సొమ్మసిల్లిపోయింది. అప్పటినుంచి యాత్రికులు బయట రేకుల పంచలోనే పడుకుంటున్నారు. వాళ్లను మళ్లీ లోపల పడుకోబెట్టాలన్నదే తాయారమ్మ పట్టుదల.

డాబా మీద ఎండను తిప్పికొట్టే తెల్లపూత వేశారు. పైకప్పు కింద కొబ్బరిపీచు పలకలు బిగించారు. కరెంటు తక్కువ తాగే ఫ్యాన్లు పెట్టి, వాటికోసం సోలార్ పలకలు తెచ్చారు. అయినా లోపల కుంపటే. కారణం అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. మా ఊళ్లో దానమిచ్చినవాడి పేరు పాలరాతి మీద చెక్కించి గోడకు పెట్టాలి. గోడలు నిండిపోయాక ఆ రాళ్లను గాలికోసం వదిలిన పై కిటికీల్లో బిగించారు. ఒక్కో కిటికీకి ఒక్కో తాత.

వామనమూర్తి ఇంటింటికీ తిరిగి బతిమాలాడు. "ఏం శిష్యుడుగారూ, మా తాతను ఊడబీకుతారా?" అన్నాడు సత్రం కమిటీ ప్రెసిడెంటు గవర్రాజు.

వెంట వచ్చిన తాయారమ్మ, "మీ తాత డబ్బిచ్చింది జనం పడుకోవడానికి బాబూ, ఆయన కిటికీలో కూర్చోడానికి కాదు," అంది.

ప్రహరీగోడ మీదైతే దారినపోయేవాళ్లకూ పేరు కనిపిస్తుందని గవర్రాజు ఒప్పుకున్నాడు. రాళ్లన్నీ ప్రహరీగోడకు మారాయి. ఇప్పుడు తాతలందరికీ గాలి తగులుతోంది.

కిటికీలు తెరిచిన రోజు వేడి పైనుంచి బయటికి పోయింది, గుమ్మంలోంచి ఏటిగాలి లోపలికి వచ్చింది. తాయారమ్మ నేల కడిగి చాపలు పరిచింది. వామనమూర్తి స్తంభానికి చేరగిలబడ్డాడు. ముఖం మీది సున్నం తుడుచుకునే ఓపిక కూడా ఆయనకు లేదు.

పని ఎలా కుదిరిందో చూద్దామని గవర్రాజు, కమిటీవాళ్లు వచ్చి చాపల మీద ఒరిగారు. సాయంత్రం లేచి, కమిటీ ఆఫీసును సత్రంలోకి మార్చాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. తాళంచెవి గవర్రాజు దగ్గరుంది. యాత్రికులు రేకుల పంచలోనే పడుకుంటున్నారు. తాయారమ్మ పంచ చుట్టూ తడిగోనెలు కడుతోంది.

వామనమూర్తి ఆశ్రమానికి తిరిగొచ్చి, "అంతా వృథా అయింది స్వామీ," అన్నాడు.

"ఏం, లోపల చల్లబడలేదా?"

"చల్లబడింది. గవర్రాజు పడుకుని ఉన్నాడు."

స్వామి కూడా అలసిపోయినట్టే కనిపించారు.

"చల్లదనం వస్తుందా అని అడిగావు, వచ్చింది," అన్నారు. "ఎవరికని నువ్వు అడగలేదు."