అంకెల కింద అక్షరాలు

జీవరత్నం మాస్టారికి ఒక అలవాటుంది. వాయించేవాళ్ల కోసం శిష్యులు ప్రింటు తీసి తెచ్చిన కాగితాన్ని స్టాండు మీద పెట్టించి, కాస్త వెనక్కి వెళ్లి, కళ్లజోడు తీసేసి చూస్తారు. అక్కణ్నుంచి కనిపిస్తే తల ఊపుతారు. కనిపించకపోతే ఏమీ అనరు. నరసాపురంలో ఆ చర్చి బృందం ఆయన తిట్లకంటే ఆ ఊరుకోవటానికే ఎక్కువ భయపడేది.

ఆయన నేర్పింది కార్డ్‌లకి, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తులకి, అంకెలు వేసే పద్ధతి. పాట ఏ కార్డ్‌లో కుదురుకుంటుందో అది ఒకటి. మిగిలినవన్నీ దాన్నుంచి లెక్క: నాలుగు, అయిదు, ఆరు. పాడేవాళ్ల గొంతునిబట్టి స్కేలు, అంటే శ్రుతి, ఎక్కినా దిగినా కాగితం మార్చే పని లేదు.

ఆ శనివారం ప్రాక్టీసుకి, కీబోర్డు వాయించే ప్రిస్కిల్ల తెచ్చిన కాగితం చూసి మాస్టారు ఏమీ అనలేదు. పాటంతా ఒకే పేజీలో ఇరికించి ఉంది. ప్రతి మాట మీదా ఒక అంకె. చాలదన్నట్టు ప్రతి అంకె కిందా, జి స్కేలులో ఆ కార్డ్ పేరేమిటో ఇంగ్లీషు అక్షరాల్లో.

పాడబోయేది ఆమె కూతురు మెర్సీ. మెడకి ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి ఆ పిల్ల పాట ఎవరూ వినలేదు. ఆదివారం పాడతానని తనే అడిగింది, ప్రాక్టీసుకి మాత్రం రాలేదు. జి అన్నది జబ్బుకి ముందు తను పాడిన స్కేలు.

"చీమలకి సండే స్కూలు పెట్టావేంటమ్మాయ్?" అన్నాడు గిటారు వాయించే ఏసుపాదం. "దీనికి ముక్కు ఆనించి చదవాలా, గిటారు వాయించాలా?"

"కళ్లద్దాలు మార్పించుకో బాబాయ్. అందులో ఒక్క తప్పు చూపించు, చాలు." ప్రిస్కిల్ల మాస్టారి వైపు తిరిగింది. "కంప్యూటర్లో అంతా సరిచూశానండి. పిల్ల ఎక్కడా తడబడకూడదు. ఇంకేం రాస్తే తడబడదండీ?"

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. "రేపు ఇదే పెట్టుకుని వాయించు," అన్నారు.

మొదటి చరణం వాద్యాలు లేకుండా గొంతు ఒక్కటే పాడటం, తర్వాత వాద్యాలు అందుకోవటం ఆ బృందం ఆనవాయితీ. ఆదివారం మెర్సీ మెడకి చున్నీ చుట్టుకుని మైకు ముందు నిలబడింది. గొంతు బొంగురుగా, మునుపటికంటే బాగా కిందనుంచి వచ్చింది. కానీ నిలకడగా వచ్చింది. ప్రిస్కిల్లకి అది వినపడింది. కళ్లు మాత్రం కాగితం మీదే ఉన్నాయి. కాగితంలో జి అని ఉంది. చేతులు కీబోర్డు మీద జి పట్టాయి. కాగితం మీదికి వంగి ఏసుపాదమూ అదే మీటాడు. ఆ మోత వినగానే పిల్ల దాన్ని అందుకోబోయింది. గొంతు జీరబోయి, తెగి, ఆగిపోయింది.

చర్చిలో ఎవరో దగ్గారు.

"ఎత్తుకోవే. ఎత్తుకో," అంది ప్రిస్కిల్ల లోగొంతుకతో. పిల్ల తల అడ్డంగా ఊపింది.

మాస్టారు ముందు వరసలోంచి లేచి వచ్చారు. స్టాండు మీది కాగితాన్ని వెనక్కి తిప్పారు. జేబులోని మార్కరుతో తెల్లటి వైపు పెద్ద పెద్ద అంకెలు వేశారు: 1 4 1 5. తర్వాత పిల్లతో, "మళ్లీ మొదలెట్టమ్మా. ఎక్కడ్నించైనా సరే," అన్నారు.

మెర్సీ మళ్లీ ఆ కిందనుంచే ఎత్తుకుంది. చూసుకోవటానికి ప్రిస్కిల్లకి ఇప్పుడు అక్షరాలు లేవు. తలెత్తి కూతురి వైపు చూసింది. వింటూ, తడుముకుంటూ, పిల్ల నిలబడ్డ చోటుని వేళ్లతో పట్టుకుంది. ఏసుపాదం దూరంనుంచే అంకెలు చూసి జత కలిశాడు. పాట చివరిదాకా నడిచింది. మునుపటిలా ఉందని ఎవరూ అనలేదు.

ఆరాధన అయ్యాక, వైర్లు చుడుతున్న చోటికి ప్రిస్కిల్ల ఆ కాగితం పట్టుకుని వచ్చింది. కళ్లు తుడుచుకుని ఉంది.

"ఇవాళ పిల్ల పాడింది ఏ స్కేలండీ? చెబితే కంప్యూటర్లో అదే ఎక్కించేస్తాను. ఇకమీదట అదే ప్రింటు తీస్తాను."

మాస్టారు మార్కరుకి మూత పెట్టారు.

"రాసుకున్నావంటే, వచ్చే ఆదివారమూ పిల్లని అక్కడే నిలబడమంటావమ్మా," అన్నారు.