చావనివ్వని వీరుడు

ఒకానొక రాజ్యంలో, పేరు మాత్రం అడక్కండి, ఉద్దండభూపాలుడనే రాజుండేవాడు. ఆయనకంటే ముందు ఆయన మీసాలు కొలువులోకి వచ్చేవి. ఆ కొలువులోనే చెంగల్రాయుడనే చమత్కారి ఉండేవాడు. రాజుగారికి కోపం వచ్చినప్పుడల్లా నవ్వించడం అతని పని.

ఆ ఊళ్ళో తోలుబొమ్మలాట ఆడించే సిద్దోజీ ఒకప్పుడు పిడుగువీరుడి కథ కట్టాడు. ఊరిని కాపాడబోయి ఆ వీరుడు రాక్షసుడి చేతిలో ప్రాణాలు విడుస్తాడు. మొదటిసారి ఆడిననాడు జనం వెక్కివెక్కి ఏడ్చారు. మర్నాడు చాలా ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. అందరినీ నవ్వించే చెంగల్రాయుడు కూడా ముక్కు చీదుకుంటూ ఇల్లు చేరాడు.

అయితే సిద్దోజీ ఆ బొమ్మకు రాజుగారి మీసాలు పెట్టాడు. అక్కడొచ్చింది చిక్కు.

"నా మీసాలున్నవాడు చావడమేమిటి? లేపండి" అన్నాడు రాజు.

లేపారు. పై పండక్కి మళ్ళీ చచ్చాడు, మళ్ళీ లేచాడు. ఆ తర్వాత వాడి తమ్ముడొచ్చాడు, బావమరిది వచ్చాడు, చచ్చిన రాక్షసుడి పినతండ్రి కూడా దిగాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియాలంటే పాత ఆటలన్నీ గుర్తుండాలి. ఎవరికి గుర్తుంటాయి, పాపం? జనం పల్చబడుతూ వచ్చారు.

చివరికి ఒక పండక్కి రాజూ భటులూ తప్ప మైదానంలో ఎవరూ లేరు. రాజుకు తల కొట్టేసినట్టయింది.

"వచ్చే పున్నమికి మైదానం నిండకపోతే నీ బొమ్మలన్నీ తగలబెట్టిస్తాను" అన్నాడు సిద్దోజీతో.

సిద్దోజీ వెళ్ళి చెంగల్రాయుడి గుమ్మంలో కూలబడ్డాడు. "అయ్యా, నా చేత్తో కోసి, రంగులేసిన బొమ్మలు. అవి పోయాక నేనుండి ఏం లాభం?" అన్నాడు. చెంగల్రాయుడికి మనసు కలుక్కుమంది.

మర్నాడు అతను రాజును చదరంగానికి పిలిచాడు. రాజు అతని ఏనుగును కొట్టాడు. చెంగల్రాయుడు దాన్ని తీసి మళ్ళీ గడిలో నిలబెట్టాడు.

"అదేమిటోయ్?"

"తపస్సు చేసి లేచొచ్చింది ప్రభూ."

రాజు గుర్రాన్ని కొట్టాడు. అదీ తిరిగొచ్చింది.

"ఇది దాని కవల తమ్ముడు ప్రభూ."

"అయితే నావీ లేస్తాయి."

"లేవనివ్వండి, ఎవరొద్దన్నారు?"

ఇంకేముంది, చచ్చినవన్నీ లేచాయి. పావులు తగ్గవు, ఆట తెమలదు. పొద్దెక్కేసరికి రాజు ఆవలించి బల్ల పక్కకు నెట్టేశాడు.

"ఏదీ చావని ఆటలో నేను గెలిచేదేముంది, భయపడేదేముంది? విసుగొచ్చింది, పోవయ్యా."

"మైదానంలో జనానికీ అంతే ప్రభూ" అన్నాడు చెంగల్రాయుడు మెల్లగా.

మీసం దువ్వుతున్న రాజు చెయ్యి ఆగిపోయింది. అంతలోనే పకపకా నవ్వాడు. "నాతోనే చెప్పించావు కదయ్యా" అంటూ చేతి కంకణం తీయబోయాడు.

"కంకణం వద్దు ప్రభూ. సిద్దోజీ జోలికి పోకండి. పిడుగువీరుణ్ణి ఒక్కసారి నిజంగా చావనివ్వండి."

రాజు సరేనన్నాడు. ఇదే ఆఖరి ఆట అని దండోరా వేయించారు. పున్నమికి మైదానం నిండింది. సిద్దోజీ గొంతు పగిలేలా పాడాడు. పిడుగువీరుడు ఒరిగిపోయాడు, మరి లేవలేదు. రాజు ఉత్తరీయంతో కళ్ళొత్తుకున్నాడు.

చుట్టూ చూస్తే ఒక్కరి కన్నూ తడవలేదు. ముందు వరసలో ఒకావిడ చాప దులుపుకుంటూ పక్కావిడతో అంది: "పద వదినా, పై పండక్కి లేస్తాడులే."

"నిజంగానే పోయాడని చెప్పవయ్యా వాళ్ళకి" అన్నాడు రాజు.

చెంగల్రాయుడికి ఆ పూట చమత్కారం తోచలేదు.

"మొదటిసారి నమ్మారు ప్రభూ. అప్పుడే పోనివ్వాల్సింది" అన్నాడు.