గడ్డికప్పు లోపలి ముడి

మృత్యుంజయరావు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కారు. అడిగినవారి చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. ఇళ్ళు కట్టే విద్య నేర్పిన మనిషి ఆయన. వయసులో ఉండగా పదేళ్ళు జపాన్‌లో వడ్రంగుల దగ్గర పనిచేసి, వాళ్ళ భాష కూడా పట్టుకొచ్చారు. కాకినాడలో ఉండే ఆయన శిష్యురాలు ఇందుమతి నాకు చెప్పిన సంగతి ఇది.

ఒక వసంతంలో మాస్టారు ఆమెను జపాన్‌లోని కొండపల్లె ఒకదానికి తీసుకువెళ్ళారు. బస్సు మలుపు తిరగగానే లోయలో ఇళ్ళు కనిపించాయి. నమస్కరించే రెండు చేతుల్లా నిటారుగా నిలిచిన గడ్డికప్పులు, ఒక్కొక్కటి మూడంతస్తుల ఎత్తు. వాటి వెనక ఇంకా మంచు కరగని శిఖరాలు. ఇందుమతి సీటులోంచి లేచి నిలబడిపోయింది.

"అబ్బ, ఎన్నాళ్ళ కల మాస్టారూ!" అంటూనే దిగులుపడింది. "కానీ మనకున్నది మూడు రోజులే. పైగా పరాయివాళ్ళం. ఇంతలో ఒక ఊరిని ఏం తెలుసుకోగలం?"

మాస్టారు నవ్వి ఆమె సంచీ అందించారు.

మర్నాడు తెల్లవారేసరికి ఊరంతా తోమె అనే ముసలమ్మ ఇంటి ముందు చేరింది. ముప్పై ఏళ్ళుగా ఉన్న పాత గడ్డిని ఒక పక్క అప్పటికే తీసేశారు. సాయంత్రానికి వాన ఉందట. ఈలోగా కొత్త గడ్డి కప్పకపోతే ఇల్లు తడిసిపోతుంది. నూరుమంది మోపులు అందించుకుంటూ నిచ్చెనలెక్కుతుంటే ఇందుమతికి కాలు నిలవలేదు. పనిపెద్ద గెంజో మాస్టారికి పాత స్నేహితుడు. అటకలో ఒక మనిషి తక్కువయ్యాడని అతను అనగానే మాస్టారు ఆమెను చూపించారు.

"నేనా? నాకేం తెలుసు మాస్టారూ!"

"తాడు పట్టుకోవడం తెలుసు కదా. వెళ్ళు."

ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన అటక అది. పొయ్యి పొగకు వాసాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. పైనుంచి గెంజో తాడు ఎక్కించిన బారెడు సూదిని గడ్డిలోంచి దింపుతాడు. లోపలి మనిషి ఆ తాడును వాసం చుట్టూ తిప్పి, మళ్ళీ దిగిన సూదికి ఎక్కించి కేక వెయ్యాలి. అప్పుడు బయటివాళ్ళు లాగి బిగిస్తారు. ఆ బిగువు మీదే పైవాళ్ళు కాలు పెట్టి నిలబడతారు.

మొదటి తాడును ఆమె కంగారులో వాసం చుట్టూ తిప్పకుండానే ఎక్కించింది. లాగగానే అది ఊడి పైకి పోయింది. పైన ఎవరో జారి, ఎలాగో నిలదొక్కుకున్న చప్పుడు. గెంజో గడ్డి సందులోంచి వంగి ఏదో అరిచాడు. కిందనుంచి మాస్టారి గొంతు వినిపించింది: "నీ ముడి మీద మనుషులు నిలబడి ఉన్నారు, చూసుకో అంటున్నాడు."

ఆ తరవాత ఆమె తప్పు చెయ్యలేదు. జపాను మాట నోటికి రాక, తాడు ఎక్కించిన ప్రతిసారీ "లాగండి!" అని అరిచింది. పదోసారికి పైనుంచి, 'ల' పలకలేని నాలుకతో, "రాగండి!" అని బదులొచ్చింది. మధ్యాహ్నానికి కప్పు మీదివాళ్ళూ, నిచ్చెనల మీదివాళ్ళూ, మోపులందించే ఆడవాళ్ళూ అందరూ "రాగండి! రాగండి!" అంటూ పాటలా అందుకున్నారు. ఇందుమతికి ఒళ్ళంతా మసి, అరచేతులు కందిపోయాయి. నవ్వు మాత్రం ఆగడం లేదు.

ఆఖరి మోపు బిగిసిన కాసేపటికే వాన మొదలైంది. ఆమె దిగలేదు. అటకలోనే నిలబడి, చేతులు చాచి, పైకి చూస్తూ ఉండిపోయింది. ఒక్క చుక్క రాలలేదు.

కింద పొయ్యి చుట్టూ అందరూ చేరాక తోమె ఆమె చేతిలో వేడి పులుసు గిన్నె పెట్టి ఏదో అంది. మాస్టారు తెలుగు చేశారు: "నా మునిమనవలకు పెళ్ళిళ్ళయ్యేదాకా ఈ కప్పు విప్పం. వదులైతే నిన్నే తిట్టుకుంటాం అంటోంది."

అందరూ గొల్లున నవ్వారు. ఇందుమతీ నవ్వింది. అంతలోనే, గిన్నె నోటిదాకా తెచ్చి ఆగిపోయింది.

"మాస్టారూ, కిటికీ పక్కన కట్టినది గట్టిగా పడిందో లేదో! ఒక్కసారి పైకెళ్ళి చూసొస్తాను."

"కూర్చో. ఇకమీదట ఈ కొండల్లో వాన కురిస్తే కాకినాడలో నీకు గుబులు పుడుతుందమ్మా," అన్నారు మాస్టారు. "ముందు పులుసు తాగు, చల్లారిపోతోంది."